పై అంతస్తు నీళ్ళు

రాత్రి రెండు దాటాక
నా ఇంటికప్పు మీద నీళ్ళు నడిచేవి.

తొలి బస్సు నాది. నాలుగున్నరకల్లా డిపోలో ఉండాలి.
మంచం మీద నిలబడి
చీపురుకర్రతో మూడుసార్లు పొడిచేవాణ్ణి.
ఆగేవి.
మారుమాట లేదు, అడుగుల అలికిడైనా లేదు.
ఊపిరి బిగబట్టిన మనిషిలా
కొళాయి ఒక్క చుక్క రాల్చి ఊరుకునేది.

పదకొండేళ్ళు ఇలాగే మాట్లాడుకున్నాం
ఈనిడ్ గార్బట్, నేనూ.

హల్ ఊళ్ళో, హెజిల్ రోడ్డు వెనక సందులో
చేపలు కోసే షెడ్డు నుంచి వచ్చేది.
మెట్ల మీద ఎదురైతే గోడవైపు ఒదిగేది,
గోడే తనకి దగ్గరి చుట్టమైనట్టు.
కోటు నిండా కాడ్ చేప వాసన,
దాని కింద ఇంకేదో పులుపు.
వెనిగర్ అనుకున్నాం.
ఒంటరిది, చిప్స్ తిని బతుకుతోంది అనుకున్నాం.
చేతిసంచీకి పక్కన గుండీ అంత కన్నం,
కుట్టుకోదేం అనుకున్నాం.
అనుకోవడానికి ఏం ఖర్చు?

ఫిబ్రవరిలో పోయింది.
అద్దె ఆగిన మూడోవారం తలుపు పగలగొట్టారు.
సామాను దించడానికి మనిషి చాలక నన్నూ పిలిచారు.
వంటగదిలో పొయ్యి లేదు.
కిటికీ అద్దాలకి నల్లరంగు.
దండెం నిండా క్లిప్పులు, ఒక్క బట్టా లేదు.
బిస్కెట్ డబ్బాలు, బూట్ల పెట్టెలు, చేపల ట్రేలు,
వాటి నిండా
మా వీధి.

ఒంటిచెప్పుతో పిల్లాడు,
రెండోది మురిక్కాలవలో పడవై పోతుంటే
పొంగిపోతూ చూస్తున్నాడు.
టెలిఫోన్ బూత్‌లో పెళ్ళికూతురు,
తలుపు సందులో ఇరుక్కున్న మేలిముసుగు.
తాగి పడిపోయిన ముసలాయన టోపీకి
కాపలా కాస్తున్న సముద్రపు కొంగ.
ట్రాలర్ ఇక తిరిగిరాదని తెలిసిన పొద్దుట
జుట్టుకి రోలర్లతోనే రేవుకి పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్ళు,
ఏడుపు ఇంకా నోటిదాకా రాని
ఆ అరక్షణం.

వాళ్ళలో ఒక్కరూ ఆమెను చూడటం లేదు.
మెట్ల మీద నేను చూశానా?

మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది.
తెల్లటి తొడుగులు వేసుకుని
ఒక్కొక్కటే దీపానికెత్తి చూసింది.
‘పాతవన్నీ ముత్యాల్లా ఉన్నాయండీ.
చివరి పదేళ్ళవే పసుపెక్కుతున్నాయి.
మందు పూర్తిగా వదిలేదాకా
పారేనీళ్ళలో ఉంచాలి, గంటసేపైనా.
ఆ సంగతి ఈవిడకి బాగా తెలుసు.
మరెందుకో సగంలో ఆపేసింది.’

నేనేమీ అనలేదు.
సరిగ్గా మా కాళ్ళకింది గదిలో
నా మంచానికి పైన, సున్నంలో
మూడు గుంటలున్నాయి.

ఆ రాత్రి పెట్టెలన్నీ వెదికాను.
సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కోసమే వెదికాను.
నా బస్సు దొరికింది, ఒకటో నంబరు.
అద్దం మీద చినుకులు, చినుకుల వెనక ముఖాలు,
ఆవులిస్తున్న నర్సు, ఒళ్ళో కేకు పెట్టుకున్న కుర్రాడు.
డ్రైవరు సీటు దగ్గరికొచ్చేసరికి బొమ్మ అయిపోయింది.
నేనెక్కడా లేను,
అంచులనుంచి పాకుతున్న ఆ పసుపులో తప్ప.

పై వాటా ఇంకా ఖాళీయే.
రెండింటికి మెలకువ వస్తుంది.
లేచి, లైటు వేయకుండా
కొళాయి తిప్పి నిలబడతాను,
గంటసేపు, వదిలేదాకా.

కింద కొత్తగా చేరినవాళ్ళు
ఇంకా తట్టలేదు.